సింహం ఊకె గర్జించదు

ఇచ్చోడ,
19-7-1959

బాపుకు నర్మద వందనాలు.

నీ కార్డు అందింది. నాలుగు వరుసలు రాశావు, అందులో రెండు వాన గురించి. ఈసారి నేను కార్డు కొనలేదు, కవరు కొన్నాను. కార్డు ఎన్ని చేతులు మారితే అంతమంది చదువుతారు. నీ దగ్గు తగ్గిన సంగతి నాకంటే ముందు మా బడిలో వాళ్ళకు తెలిసింది. ఇప్పుడు రాయబోయేది ఎవరూ చదవకూడదు. నీకు రాయవచ్చో లేదో కూడా తెలియక మూడు ఆదివారాలు కాగితం ముందు పెట్టుకొని లేచిపోయాను.

ముందు మంచి మాటలు చెబుతాను. బడి బాగుంది. రెండో తరగతికి నలభై మంది పిల్లలు. కొందరికి తెలుగు వస్తుంది, కొందరికి మరాఠీ, కొందరికి గోండి. నేను తెలుగులో కోప్పడితే వాళ్ళు మూడు భాషల్లో నవ్వుతారు. నేనుండే ఇల్లు రాధాబాయిది. భర్త పోయి పదేళ్ళయింది, భూములున్నాయి, పెద్ద వాకిలి ఇల్లు. ఒక్కతే కూతురు నిర్మలాదేవి నిర్మల్‌లో కాపురం చేస్తోంది. నాకు వెనక గది ఇచ్చింది. వచ్చిన కొత్తలో నన్ను పంతులమ్మా అనేది, నేను బాయిగారూ అనేదాన్ని. ఒకరోజు నాకు జ్వరం వస్తే తలమీద తడిగుడ్డ వేస్తూ, "బాయి గీయి అనకు పోరీ, ఆయి అను" అన్నది. మనం అమ్మను అవ్వ అన్నట్టు ఇక్కడ ఆయి అంటారు. పదేళ్ళ వయసులో అవ్వ పోయినప్పటి నుంచి ఆ పిలుపు నా నోటికి పని లేకుండా పడి ఉంది. అన్నాను. అప్పటి నుంచి తన వంటింట్లోకి కూడా రమ్మంటోంది.

ఇప్పుడు అసలు సంగతి. మన ఇంట్లో చేసినట్టే వండినప్పుడల్లా పొయ్యి మీద ఎసరు పెట్టి, కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి, కళ్ళు మూసుకొని ఒక మాట ప్రార్థన చేసి, వేరే కుండలో వేస్తున్నాను. ఇక్కడ మన గుడి లేదు. సెలవులకు వచ్చినప్పుడు ఆదివారం ప్రార్థనలో అయ్యగారి ముందు కానుక గంపలో పోయాలని దాచుకుంటున్నాను. ఇది జొన్నరొట్టెల దేశం, బియ్యం పండుగనాటి తిండి. అందుకే పిడికెడు తీయడం ఆయి కంటబడింది. జూన్‌లో ఒకరోజు గుమ్మంలో నిలబడి అంతా చూసి, "ధర్మపురి నర్సన్నకా బిడ్డా?" అని అడిగింది. మీ కరీంనగరం దిక్కు పద్మశాలోళ్ళు నర్సన్నకు ముడుపు కడతరు గదా, నాకెర్కే అన్నది. పిడికెడు నా చేతిలోనే ఉంది. కాదు మా ప్రభువుకు అనలేదు, అవును అనలేదు. నవ్వాను. ఆమె ఆ నవ్వునే అవును అనుకుంది.

మరుసటి రోజు తన ఇత్తడి గుండిగ తెచ్చింది. నిర్మలకు రెండుసార్లు కడుపు పోయిందట, ఇప్పుడు మళ్ళీ నిలిచిందట. "నేను సుత మొక్కిన. నువ్వు పిడికెడు, నేను పిడికెడు. రెండు కుండలు ఎందుకు, నీ చెయ్యి మంచిది" అని నా కుండలో బియ్యం కూడా తన గుండిగలో పోసేసింది. గింజలు కలిసిపోతుంటే నిలబడి చూశాను. నోరు తెరవడానికి ఎంతసేపు పడుతుంది బాపూ? తెరవలేదు.

నువ్వు చెప్పిన మాటే పట్టుకున్నాను. సింహం ఊకె గర్జించదు, లోపల పెట్టుకుంటుంది అని. పొద్దున్నే మగ్గం గుంట అంచున కూర్చొని, కాళ్ళు లోపలికి వేలాడేసి, "సింహాల నడుమకు దిగుతున్న ప్రభువా, మాపటి దాకా వాటి నోళ్ళు మూయించు" అని నువ్వు ప్రార్థన చేసేవాడివి. నేను నువ్వు లేనప్పుడు గుంటలోకి వంగి సింహాలను వెతికేదాన్ని. కాళ్ళతో తొక్కే చెక్కలూ, నూలు పీచూ తప్ప ఏమీ కనిపించేవి కావు. పెద్దయ్యాక సింహం గుంటలో కాదు, గుండెలో ఉండాలన్నావు. అది నాలో ఉందనుకొనే నోరు మూసుకున్నాను. కాని మన వాక్యంలో సింహాల గుహలో పడ్డ భక్తుడు రోజుకు మూడుసార్లు కిటికీ తెరిచి ప్రార్థన చేసినందుకే కదా సింహాల పాలయ్యాడు. కిటికీ మూసుకొని ఉంటే ఆ కథే లేదు కదా. నేను మూసుకొన్నట్టా, లోపల పెట్టుకున్నట్టా? నాకు తేడా తెలియడం లేదు. నీకు తెలిసి ఉంటుంది, రాయి.

దగ్గుకు మిరియాల కషాయం మానకు.

నీ బిడ్డ,
నర్మద


ఇచ్చోడ,
27-12-1959

బాపుకు నర్మద వందనాలు.

నాలుగు పుటల ఉత్తరానికి నువ్వు రాసిన జవాబు కార్డు నా పెట్టెలోనే ఉంది. "బిడ్డా, ఫికర్ చెయ్యకు. సింహం ఊకె గర్జించదు. వానలు మంచిగున్నయి." అంతే. దాన్ని అయిదు నెలల్లో ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. చదివినప్పుడల్లా ధైర్యం వచ్చేది, సాయంత్రానికి పోయేది. మా తరగతి పిల్లలకు కూడా ఆ మాట నేర్పాను. గొడవ చేసినప్పుడల్లా "సింహం?" అంటాను, "ఊకె గర్జించదు" అని గట్టిగా గర్జిస్తారు.

నవంబరులో నిర్మలాదేవికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. ఆ కబురు వచ్చిన రోజు ఆయి నా రెండు చేతులూ పట్టుకొని కళ్ళకద్దుకుంది. "నీ పిడికిలే బిడ్డా" అన్నది. నేను తేలు కుట్టిన దొంగలాగా నిలబడ్డాను. ఆ పిల్ల కోసం నేను కూడా రోజూ ప్రార్థన చేశాను. అది అబద్ధం కాదు. కాని ఎవరికి చేశానో ఆమెకు తెలియదు, ఎవరు విన్నారో నాకు తెలియదు. ఫాల్గుణంలో ధర్మపురి జాతరకు ఇద్దరం పోయి ముడుపు చెల్లించాలని ఆమె నిర్ణయం. బండి నుంచి బస్సు దాకా అన్నీ మాట్లాడి పెట్టింది. పనిచేసే ఐలవ్వకు కొత్త చీర కూడా తీసింది.

నేను ఇప్పుడు అన్నం ముందు కళ్ళు మూసుకోవడం లేదు. రాళ్ళేరుతున్నట్టు కంచంలోకి చూస్తూ లోపలే ప్రార్థన చేసుకుంటాను. రొట్టెలో రాళ్ళేముంటాయి బాపూ? ఐలవ్వ ఒకరోజు అడిగింది కూడా, "పంతులమ్మా, రొట్టెల పురుగున్నదా?" అని.

ఇంతవరకూ నీకు చెప్పుకోగలను. ఇక రాయబోయేది చెప్పుకోలేనిది.

మొన్న శుక్రవారం పండుగ. నువ్వు సున్నం వేసిన గుడిలో కొత్త పంచె కట్టుకొని ముందు వరుసలో కూర్చొని ఉంటావని తెలుసు. నాకిక్కడ సెలవు ఉంది కాని ఇంటికి రావడానికి లేదు. నిర్మలాదేవి పసిదాన్ని తీసుకొని వచ్చింది, ఆయి నన్ను కదలనివ్వలేదు. పొద్దున్నే లేచి తలంటుకొని, నా గదిలో తలుపు వేసుకొని, మెల్లగా పాడుకున్నాను. తర్వాత ఉండబట్టలేక కొంచెం పాయసం వండాను. ఆ వాసనకు ఆయి వచ్చింది. "ఏం పండుగే ఇయ్యాల?" అన్నది. ఆ ఒక్క మాట ఆమె అడగాలని కదా నేను ఇన్నాళ్ళూ ఎదురుచూసింది. అడిగింది. తలుపు తానే తెరిచింది. నేను ఏమన్నానో తెలుసా? "ఇవాళ నా పుట్టినరోజు ఆయీ" అన్నాను.

నవ్వకు. ఏడవకు కూడా. ఆమె ముందే చెప్పలేదని తిట్టి, పొయ్యి మీద మళ్ళీ నీళ్ళు కాచి, అప్పుడే ఆరిన నా తలను విప్పించి, నూనె పెట్టి తానే తలంటు పోసింది. పీట మీద కూర్చోబెట్టింది. నొసట కుంకుమ పెట్టింది. హారతి ఇచ్చి, నా ఒళ్ళో రవికగుడ్డ, కొబ్బరికాయ పెట్టి, "అవ్వ లేని పోరివి, నూరేండ్లు బతుకు" అన్నది. లోకానికి ప్రభువు పుట్టిన రోజు నేను నా పేరు మీద రాయించుకున్నాను. ఇంతకంటే పెద్ద పాపం ఏదో వాక్యంలో వెతికాను, దొరకలేదు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ నీళ్ళు తలమీద పడుతుంటే నాకు సుఖంగా ఉంది. ఎవరూ నాకు పదేళ్ళ వయసు తర్వాత తలంటు పోయలేదు. ఆ కుంకుమ సాయంత్రం దాకా తుడవలేదు.

నాకు అవ్వ గుర్తుకొచ్చింది. అవ్వ నమ్మకుండానే పోయిందని సంఘంలో అంటారు, నువ్వూ అలాగే చెప్పావు. అందుకే గుడి వెనక సమాధుల్లోకి కాకుండా మానేరు ఒడ్డుకు తీసుకుపోయారని. కాని పిడికెడు తీయడం నాకు నేర్పింది అవ్వే. నా చిన్న పిడికిలి పట్టుకొని "ఇది మనది కాదు బిడ్డా" అనేది. నమ్మని మనిషి ఎందుకు తీసింది? ఎవరికి తీసింది? ఆమెలో సింహం ఉండిందా లేదా?

నా చుట్టూ సింహాలు ఎక్కువయ్యాయి బాపూ. గుహలోవి మనుషులను తినేవి. సింహంలా గర్జిస్తూ తిరుగుతాడని వాక్యం చెప్పే శత్రువు ఒకటి. మన ప్రభువునూ సింహమనే పాడతాం. ఆయి దేవుడికి సింహం ముఖమే ఉంది. నువ్వు చెప్పింది లోపల కూర్చొని గర్జించనిది. ఇందులో నాది ఏదో నాకు తెలియడం లేదు. చెబితే ఆయి పోతుంది. చెప్పకుండా ధర్మపురికి పోతే నేను పోతాను. కక్కలేక మింగలేక ఉన్నాను. ఈసారి కార్డు రాయకు. నాలుగు వరుసలు చాలవు.

నర్మద


సిరిసిల్ల,
18-1-1960

బిడ్డ నర్మదకు బాపు దీవెనలు.

నేనే రాస్తున్నాను, కాబట్టి అక్షరాలు వంకరగా ఉంటాయి. మూడు రోజుల నుంచి రాస్తున్నాను. నేత వేరు, రాత వేరు. నేతలో తప్పు పోగు పడితే వెనక్కి విప్పవచ్చు.

నీ ఉత్తరం చదివి నాకు అన్నం సహించలేదు. నువ్వు పాయసం వండినందుకు కాదు, కుంకుమ పెట్టించుకున్నందుకు కాదు. నా మాటను పిల్లలకు నేర్పానన్నావే, అందుకు. ఆ మాట ఏ గ్రంథంలోనూ లేదు. ఏ అయ్యగారూ చెప్పలేదు. అది నా నోట ఎప్పుడు పుట్టిందో చెబుతాను, విను.

పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు మీ అవ్వకు జ్వరం వచ్చి మూడో రోజే పోయింది. ముందు రోజు నాతో, "నన్ను గుడి ఎనక పెట్టుండ్రి" అన్నది. అవునన్నాను. ఆమె నాకంటే ముందే నమ్మిన మనిషి. నేను మిషను ఆస్పత్రిలో ప్రాణం దక్కించుకొని నమ్మాను. ఆమె ఏమీ దక్కకుండానే నమ్మింది. పొద్దున్నే మీ పెదబాపు దశరథం వచ్చాడు. ఆయన అప్పుడు కులపెద్ద. వాకిట్లో నిలబడి, "శంకరవ్వ మన కులపు బిడ్డ, పీనుగను మేం లేపుతం. నువ్వు అడ్డమొస్తే నీ మగ్గానికి రేపటి సంది నూలు రాదు" అన్నాడు. ఆయన అన్న మాట జరిగేదే. మగ్గం ఆగితే నువ్వూ నేనూ ఏం తినేవాళ్ళం అని అప్పుడు అనుకున్నాను. నిజంగా అదే అనుకున్నానో, ఆ తర్వాత పదేళ్ళలో అల్లుకున్నానో ఇప్పుడు నాకే తెలియదు.

అయ్యగారు వానలో గొడుగు పట్టుకొని సందు మొగన నిలబడ్డాడు. లోపలికి వస్తే గొడవవుతుందని ఆగాడు. నేను ఎదురుపోయాను. "అంబదాసూ, శంకరవ్వ మన బిడ్డ గద, ఒక ప్రార్థన అన్న చేద్దాం" అన్నాడు. నేను, "ఆమె నమ్మలే అయ్యగారూ. ఇంట్ల నేనొక్కన్నే" అన్నాను. ఆయన నా ముఖం చూశాడు. గొడుగు వంచుకొని వెనక్కి పోయాడు.

సాయంత్రం నువ్వు గుంట అంచున నా పక్కన కూర్చొని, "అవ్వను గుడి ఎనక ఎందుకు పెట్టలే బాపూ? చెప్పకపోయినవా?" అని అడిగావు. పదేళ్ళ పిల్లకు ఏం చెప్పాలి? "సింహం ఊకె గర్జించది బిడ్డా. లోపట పెట్టుకుంటది" అన్నాను. నువ్వు తల ఊపావు. ఆ మాట బాగుందనిపించింది నాకు. ఆ తర్వాత చాలాసార్లు వాడుకున్నాను. నీ పేరు మార్చకపోవడానికి వాడుకున్నాను. నీ బడి కాగితాల్లో కులం పేరే రాయించి, దానికీ వాడుకున్నాను. మొన్న వానాకాలం నీకు కార్డు మీద రాసిందీ అందుకే. అది సింహం కాదు బిడ్డా. అది భయం. దానికి నేను జూలు అతికించాను.

నీకు అవ్వ గురించి అబద్ధం చెప్పి పదేళ్ళు పెంచాను. నమ్మకుండా పోయిన అవ్వ ఏమైందో అని చిన్నప్పుడు నువ్వు ఏడ్చేదానివి, నేను పక్కనే ఉండి నూలు చుట్టుకునేవాణ్ణి. దానికి నన్ను క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదు. అడుగుతున్నాను.

నిన్న ఆదివారం సంఘం ముందు నిలబడి ఇదంతా చెప్పాను. ఇది ధైర్యమని అనుకోకు. దశరథం అన్న పోయిన ఏడే కాలం చేశాడు. భయపడవలసిన మనిషి పోయిన తర్వాత చెప్పాను. అయ్యగారు ముసలివాడయ్యాడు, చెవి సరిగా వినబడదు. రెండుసార్లు చెప్పవలసి వచ్చింది. రెండోసారి ఇంకా కష్టమైంది. ఆయన సంఘం పుస్తకం తెప్పించి ఒక పుట తిప్పి చూపించాడు. మీ అవ్వ పేరు అలాగే ఉంది. కొట్టెయ్యలేదట. "నాకెర్కనే అంబదాసూ. నువ్వొచ్చి చెప్తవని ఉంచిన" అన్నాడు.

ఇప్పుడు నువ్వు అడిగినదానికి జవాబు. రాధాబాయికి చెప్పమని నేను చెప్పను. చెప్పొద్దని కూడా చెప్పను. ఏ నోటితో చెప్పేది? నీ మీద అమ్మలాగా చేయి వేసిన మనిషి ఆమె. పోగొట్టుకుంటే ఎంత కష్టమో తెలియకుండా ఉపదేశం చేయడం తేలిక. నా దగ్గర దాచిన సింహం ఏదీ లేదు, ఉంటే పంపేవాణ్ణి. నీకు ఏది తోస్తే అది చెయ్యి. ఏది చేసినా నాకు రాయి.

మీ బాపు,
అంబదాస్


ఇచ్చోడ,
20-3-1960

బాపుకు నర్మద వందనాలు.

పైన ఊరి పేరు అదే కాని ఇల్లు మారింది. ఇప్పుడు బడి వెనక గంగయ్య అనే వడ్రంగి ఇంటి ముందరి గదిలో ఉంటున్నాను.

నీ ఉత్తరం వచ్చాక నెల రోజులు నీ మీద కోపంతో రాయలేదు. నీకు తెలియాలి కనుక చెబుతున్నాను. అవ్వ కోసం చిన్నప్పుడు ఏడ్చిన ఏడుపంతా లెక్కకు వచ్చింది. తర్వాత ఒకరోజు ఎసరు పెట్టి పిడికెడు తీస్తుంటే, "ఇది మనది కాదు బిడ్డా" అన్న అవ్వ మాట చెవిలో వినబడి కోపం సగం కరిగింది. మిగతా సగం ఇంకా ఉంది. అదీ నీకు తెలిసే ఉండనీ.

జాతర వారం ఉందనగా చెప్పాను. పొద్దున్నే ఆయి పొయ్యి ముందు కూర్చొని రొట్టె కొడుతోంది. గడప ఇవతలే నిలబడి, "ఆయీ, నేను ధర్మపురికి రాను" అన్నాను. "మైలనా? ఇంక వారమున్నది గదనే, అయిపోతది" అన్నది. కాదన్నాను. "మరేంది?" అన్నది. "నేను కిరస్తానం దాన్ని. మా బాపు, మా అవ్వ కూడా అదే. ఆ పిడికెడు నర్సన్నకు కాదు. మా గుడికి" అన్నాను.

ఆమె రొట్టె పెనం మీద వేసింది. తిప్పడం మరిచిపోయింది. వాసన వచ్చేదాకా ఇద్దరం దాన్నే చూశాం. "రొట్టె మాడింది" అన్నది. తీసి పక్కన పెట్టింది. నేను తిడుతుందనుకున్నాను, కులం అడుగుతుందనుకున్నాను, వంటింట్లోకి రానిచ్చానే అని నెత్తి కొట్టుకుంటుందనుకున్నాను. అవేవీ అనలేదు. పొయ్యిలోని కట్టె వెనక్కి లాగి, "మరి గా పుట్టినరోజు?" అన్నది.

"అది మా దేవుడు పుట్టిన రోజు ఆయీ. నాది కాదు."

"మరి నేను తలంటు పోసింది ఎవలకే?"

నాకే పోశావు అంటే అబద్ధం కాదు, కాని నిజం కూడా కాదు. ఆమె లేచి చేతులు కడుక్కొని లోపలికి పోయింది.

మూడు రోజులు మాట్లాడలేదు. ఐలవ్వ నా నీళ్ళు వాకిట్లో పెట్టి పోయేది. దానికి కూడా చెప్పినట్టుంది; నన్ను చూసి జాలిపడాలో దూరంగా జరగాలో తేల్చుకోలేక మధ్యలో నిలబడేది. నాలుగో రోజు పొద్దున ఆయి ఆ ఇత్తడి గుండిగను వాకిట్లోకి తెప్పించి, చాప పరిచి, ఐలవ్వ చేత శేరుతో కొలిపించింది. ఒకటి ఆ పక్క, ఒకటి ఈ పక్క. చివరికి ఒక శేరు మిగిలితే దాన్ని కూడా సగం చేయించింది. నా సగం కొత్త గుడ్డలో మూట కట్టించి నా ముందు పెట్టింది. నేను ఏడుస్తూ, "ఆయీ, గింజలు కలిసిపోయాయి కదా, నీ మొక్కు బియ్యం ఇందులో ఎంత ఉందో" అన్నాను.

"ఎర్కే" అన్నది. "ఏరుత అంటే ఏరేటియా అవి? నా గింజలు మీ దేవునికి పోతయి, నీ గింజలు నర్సన్నకు పోతయి. ఆళ్ళు పెద్దోళ్ళు, ఆళ్ళు ఆళ్ళు సూసుకుంటరు. మనం చిన్నోళ్ళం పోరీ. మనకు ఒక్క ఇల్లు సాలది."

మూటను నా వైపు జరుపుతూ తనే మళ్ళీ అన్నది: "కోపంతోని కాదే. పసిదానికి రేపు చిన్న జరమొచ్చినా నా పానం నీ దిక్కు పోతది. మొక్కు కరాబయింది గందుకే అనుకుంట. నీ మొఖం సూసుకుంట గట్ల అనుకునుడు నాకొద్దు. భయమైతాంది. పో."

గంగయ్య ఇంట్లో గది మాట్లాడింది కూడా ఆమేనట, తర్వాత తెలిసింది. ఐలవ్వ నా పెట్టె మోసుకొచ్చింది. వచ్చేముందు "వస్తాను ఆయీ" అన్నాను. ఆయి అనకు అనలేదు. పోయిరా అని కూడా అనలేదు. మరునాడే ధర్మపురి పోయింది. తిరిగొచ్చిందని విన్నాను. బజారులో ఒకసారి ఎదురుపడ్డాం. నా చేతిలో పలకల కట్ట చూసి, "ఎండల తిరగకు" అని వెళ్ళిపోయింది. అది ఎవరికైనా చెప్పే మాటా, నాకే చెప్పిన మాటా అని ఆ రోజంతా ఆలోచించాను.

మంచి పని చేశానో, ఒక ముసలామె మొక్కును పాడు చేశానో నాకు తెలియడం లేదు బాపూ. మొదటి రోజే నోరు తెరిచి ఉంటే ఇద్దరం ఇంతగా కలిసేవాళ్ళం కాము, ఇంత నొప్పి ఉండేది కాదు. మొదటి రోజే తెరిచి ఉంటే ఆ ఇల్లే దొరికేది కాదు, ఆయి అనేదాన్నే కాదు. ఏది మేలో తేల్చమని ప్రార్థన చేస్తున్నాను, తేలడం లేదు. ఇక్కడ అన్నం ముందు కళ్ళు మూసుకొని, పెదాలు కదిలేలా, పక్కవాళ్ళకు వినబడేలా ప్రార్థన చేస్తున్నాను. గంగయ్య భార్య మొదటి రోజు వింతగా చూసింది, రెండో రోజు నుంచి అది అయ్యేదాకా ఆగి పులుసు పోస్తోంది. ఆ మూట వేసవి సెలవులకు తెస్తాను. గంపలో పోసేముందు అయ్యగారితో సంగతి చెబుదాం, రెండుసార్లు చెప్పవలసి వచ్చినా సరే. వద్దంటే ఆ బియ్యం ఏం చేయాలో నాకు తోచడం లేదు.

ఒక్కటి మాత్రం తేలింది. ఆ పొద్దున గడప దగ్గర నిలబడినప్పుడు నాలో ఏ సింహమూ లేవలేదు. కాళ్ళు వణికాయి, తలుపు రెక్క పట్టుకొని నిలబడ్డాను. అయినా మాట బయటికి వచ్చింది. ఎలా వచ్చిందో చెప్పలేను. పిల్లలకు నేర్పిన మాట సోమవారం వెనక్కి తీసుకున్నాను. వాళ్ళకేమీ అర్థం కాలేదు, గర్జించడం మాత్రం మానలేదు.

ఇక మన ఇద్దరి మధ్య ఆ సింహం వద్దు. నాకు భయమైతే భయమైందని రాస్తాను. నీకు భయమైతే నువ్వూ అలాగే రాయి. సంఘం ముందు నిలబడ్డ రోజు నీ కాళ్ళు వణికాయా? నీ ఉత్తరంలో అది లేదు. వణికి ఉంటే కార్డు మీదే రాయి. ఎంతమంది చదివినా ఫరవాలేదు.

నీ బిడ్డ, శంకరవ్వ బిడ్డ,
నర్మద